కంటి కింద సూది పడే ముందు

పెండ్లి బంగారం కొనడానికి జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు వైపు కుటుంబాలు ప్రొద్దుటూరుకు రావడం తరాల నాటి అలవాటు. ఈ మధ్య అదే ప్రయాణంలో చర్మ వైద్యుల దగ్గరికీ వెళ్ళి వస్తున్నారు. పెళ్ళికూతురి మొటిమల మచ్చల గురించి అడుగుతారు, పెళ్ళికొడుకు జుట్టు గురించి అడుగుతారు, ఆ వెంటనే అమ్మాయి తల్లి మెల్లగా ఇంకో మాట తీస్తుంది: "పాపకు కండ్లు గుంతలు పడినట్లుండాయి సార్, ఫొటోల్లో బాగా కనపడతాది, దానికేమన్నా సూది ఉందంట గదా?" ఉంది. దాని పేరు ఫిల్లర్. హైదరాబాదు, బెంగళూరు క్లినిక్కుల వీడియోలు ఫోన్లోకి వచ్చిన తర్వాత ఈ మాట ఊరూరికీ చేరింది. ఏ ఫిల్లర్ మంచిది, ఎంతవుతుంది, ఎన్నాళ్ళుంటుంది అన్నవే అందరూ అడిగే ప్రశ్నలు. వాటికి ముందు అడగవలసినవి రెండున్నాయి. అసలు అక్కడ గుంత ఉందా? సూది వికటిస్తే గంటలోపల ఎవరి దగ్గరికి చేరగలం? ఈ రెంటికీ జవాబు దొరికిన వాళ్ళకే మూడో ప్రశ్న.

కింది రెప్ప చర్మం మన ఒంట్లోకెల్లా పలచన, మందం అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. దాని కింద కొవ్వు పొర దాదాపు ఉండదు. రెప్పను మూసే గుండ్రటి కండరం వెంటనే తగులుతుంది. కంటి లోపలి మూల నుంచి చెంప వైపు ఏటవాలుగా దిగే గాడిని వైద్యులు టియర్ ట్రఫ్ అంటారు, అంటే కన్నీరు జారే దారి. ఆ గీత వెంబడి చర్మాన్నీ కండరాన్నీ ఎముకకు కట్టి ఉంచే గట్టి తంతువులు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ చెంప కొవ్వు జారుతుంది, కింది ఎముక కొంచెం వెనక్కు తగ్గుతుంది, కంటిగుంట లోపలి కొవ్వు ముందుకు ఉబ్బుతుంది. కట్టివేసిన చోటు మాత్రం కదలదు. అందుకే పైన ఉబ్బు, కింద గాడి. వెలుతురు పైనుంచి పడినప్పుడు ఆ గాడిలో నీడ నిలుస్తుంది. మనం నలుపు అనుకునేది చాలాసార్లు ఈ నీడే. కొందరికి ఇది పుట్టుకతో ఎముక తీరువల్ల వస్తుంది, ఇరవై ఏళ్ళకే కనిపిస్తుంది.

అయితే నీడ కాని నలుపు కూడా ఉంది, మన దేశంలో అదే ఎక్కువ. చర్మంలో మెలనిన్ పేరుకుని వచ్చే గోధుమరంగు నలుపు ఒకటి. పలచని చర్మం కింద రక్తనాళాలు కనబడి వచ్చే నీలి ఛాయ ఇంకొకటి. ఈ మూడూ కలిసి ఉన్న ముఖాలే ఎక్కువ. వీటిని విడదీసి చూడడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కిటికీ ఎదురుగా కూర్చుని వెలుతురు సూటిగా ముఖం మీద పడేటట్లు తల ఎత్తండి. నలుపు చాలావరకు మాయమైతే అది నీడ, అంటే గుంత. మాయం కాకపోతే వేలితో రెప్ప చర్మాన్ని మెల్లగా పక్కకు లాగి చూడండి. రంగు చర్మంతోపాటే కదిలి అలాగే ఉంటే మెలనిన్. లాగినకొద్దీ నీలం ముదిరితే రక్తనాళాలు. వైద్యుడు వుడ్స్ ల్యాంపు అనే ప్రత్యేక దీపంతోనూ చేతి భూతద్దం లాంటి డెర్మోస్కోపుతోనూ దీన్నే ఇంకా ఖచ్చితంగా చూస్తాడు. ఫిల్లర్ నీడను మాత్రమే పోగొట్టగలదు. మెలనిన్ మీద దాని ప్రభావం సున్నా. నీలి ఛాయను కొందరిలో కాస్త కప్పుతుంది, కొందరిలో మరింత పెంచుతుంది.

ఎందరికి ఏ రకం అన్నదానికి కొంత లెక్క ఉంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో కళ్ళచుట్టూ నలుపుతో వచ్చిన 200 మందిని పరీక్షించారు. వాళ్ళలో 51.5 శాతానికి అది శరీర తత్వంగా వచ్చినదే. 63 శాతం మంది ఇంట్లో ఇంకెవరికో కూడా ఉంది. 22.5 శాతానికి దురద, వాపు, అలర్జీ తగ్గిన తర్వాత మిగిలిన నలుపు. నిద్ర చాలని వాళ్ళు 40 శాతం, కళ్ళు తరచుగా నలుపుకునేవాళ్ళు 32.5 శాతం, చూపు లోపం ఉండి కళ్ళజోడు పెట్టుకోని వాళ్ళు 12 శాతం. ఈ అంకెలను నేను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీధుల్లో పెట్టి చూస్తాను. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్ళ గనులు, పాలిష్ యూనిట్లు ఉన్నాయి. దుమ్ము అలర్జీతో పొద్దస్తమానం కళ్ళు నలుపుకునే పిల్లలు ఎందరో. నలిపిన చోటల్లా మెలనిన్ పేరుకుంటుంది. మగ్గం మీద సన్నని పోగులు చూస్తూ, కళ్ళజోడు వాయిదా వేస్తూ, కళ్ళు చికిలించి పనిచేసే ఆడవాళ్ళు ఎందరో. పులివెందుల అరటి తోటల్లో ఎండ పని వేసవిలోనూ ఆగదు. వీళ్ళకు కావలసింది అలర్జీ మాత్ర, కంటి చుక్కలు, కళ్ళజోడు, నెత్తిన గుడ్డ. సిరంజి కాదు.

రక్తహీనతను ఇంకా ముందు చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. రక్తం తగ్గి ముఖం పాలిపోతే కంటి కింద రంగు ఎత్తి కనిపిస్తుంది. బరువు కూడా తగ్గి ఉంటే చెంప కొవ్వు తగ్గి గుంత నిజంగానే లోతవుతుంది. పెళ్ళికి ముందు సన్నబడాలని రాత్రి అన్నం మానేసిన అమ్మాయికి కళ్ళు లోపలికి పోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక హిమోగ్లోబిన్ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆ పరీక్ష అడగకుండా నేరుగా సిరంజి ధర చెప్పే క్లినిక్కును నేను నమ్మను. థైరాయిడ్ సంగతీ అంతే. ఆ జబ్బులో కళ్ళ కింద వచ్చే ఉబ్బును ఫిల్లర్‌తో సరిచేయబోతే ఉబ్బు ఇంకా పెరగవచ్చు.

ఫిల్లర్ దాకా రాకముందే జరిగే ఒక నష్టం ఉంది. మెడికల్ షాపులో పేరు చెప్పి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు, తెల్లబడే క్రీమని పక్కింటివాళ్ళు ఇచ్చే ట్యూబు. మొదటి పది రోజులు నలుపు తగ్గినట్లే ఉంటుంది. తర్వాత అర మిల్లీమీటరు చర్మం ఇంకా పలచబడి, నాళాలు బయటికి కనబడి, నీలం ముదురుతుంది. రెప్పల మీద నెలల తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా, శుక్లం కూడా రావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇటువంటి క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. కౌంటరు మీద అమ్మకం మాత్రం ఆగలేదు. తలకు వేసే నల్లరంగు, కొన్ని కాటుకలు, కుంకుమలో కలిపే రంగులు కూడా రెప్పల మీద అలర్జీ నలుపు తెస్తాయి. రంగు మానేస్తే నెలల్లో తగ్గే నలుపుకు వేలు ఖర్చుపెట్టడం ఎందుకు?

ఇంత జల్లెడ పట్టిన తర్వాత నిజమైన గుంత ఉన్నవాళ్ళు కొందరు మిగులుతారు. వాళ్ళ బాధ చిన్నదేమీ కాదు. "ఒంట్లో బాగలేదా?" అని రోజూ నలుగురు అడిగితే ఆ మనిషికి ఎట్లా ఉంటుందో అర్థం చేసుకోవాలి. అందం కోసం వైద్యం అడిగినవాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళకు ఏముందో చూద్దాం.

మొదటి వరసలో హైలురోనిక్ ఆమ్లం. 1934లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి వేరుచేశారు. దొరికింది ఆవు కంటి లోపలి జెల్లీలోనే. మన చర్మంలో, కీళ్ళలో, కంట్లో సహజంగా ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. సహజ రూపంలో ఒకటి రెండు రోజుల్లోనే కరిగిపోతుంది కాబట్టి రసాయన కట్లు వేసి జెల్‌గా గట్టిపరుస్తారు. ఇప్పుడు వాడే జెల్ ఆవు నుంచి తీసింది కాదు, బ్యాక్టీరియాను పులియబెట్టి తయారుచేసింది. మాంసం ముట్టని కుటుంబాల వాళ్ళు ఈ ప్రశ్న అడుగుతుంటారు, జవాబు ఇదీ. అంతకుముందు 1981లో అమెరికాలో అనుమతి పొందిన కొల్లాజెన్ ఫిల్లర్ మాత్రం ఆవు చర్మం నుంచి తీసిందే. అలర్జీ భయంతో ముందుగా ముంజేతి మీద పరీక్ష చేసేవాళ్ళు. హైలురోనిక్ జెల్ వచ్చాక అది వెనకబడింది.

ఈ జెల్‌లో రెస్టిలేన్ అనే రకానికి 2003 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, అది ముక్కు పక్క ముడతలకు. కంటి కింద వాడకం ప్రత్యేక అనుమతి లేకుండానే మొదలైంది. 2006లో లాస్ ఏంజెలెస్ కంటి ప్లాస్టిక్ సర్జన్ రాబర్ట్ గోల్డ్‌బర్గ్ తన సహవైద్యురాలితో కలిసి 244 ఇంజెక్షన్ల అనుభవాన్ని ప్రచురించాక అది ఒక పద్ధతిగా నిలిచింది. కంటి కింద గుంతకే అని పేరుపెట్టి ఎఫ్‌డీఏ మొదటి అనుమతి ఇచ్చింది 2022 జనవరిలో, జువెడెర్మ్ వోల్‌బెల్లాకు. 2023లో రెస్టిలేన్ ఐలైట్‌కు వచ్చింది. రెండు అనుమతుల్లోనూ 21 ఏళ్ళు దాటినవాళ్ళకే అని రాశారు. పందొమ్మిదేళ్ళ పెళ్ళికూతురికి ఈ సూది అడిగే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు. బెలొటెరో, టియోసియల్ రెడెన్సిటీ లాంటి ఇంకొన్ని మెత్తని జెల్‌లను కూడా వైద్యులు ఈ చోటికి ఎంచుకుంటారు. పేరుకంటే గుణం ముఖ్యం: నీటిని తక్కువగా లాగాలి, చర్మం కింద గడ్డలా తెలియకూడదు. చెంప నింపడానికి తయారైన గట్టి జెల్‌ను మిగిలిందని కంటి కింద ఎక్కించడం చేయకూడని పని.

మంచి చేతిలో ఈ పని అరగంట. ఒక్కో వైపు చెంచాలో పదోవంతు మించదు, సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీలీటర్లు. సూదితోనో, మొన మొద్దుగా ఉండే క్యాన్యులా అనే సన్నని గొట్టంతోనో కండరం కిందికి, ఎముక మీదికి పంపి మెల్లగా వదులుతారు. మొదటిసారి తక్కువే వేసి, రెండు వారాలు ఆగి, అవసరమైతే ఇంకొంచెం వేసేవాడే అనుభవం ఉన్న వైద్యుడు. పూర్తిగా సమం చేస్తానని మొదటిరోజే సిరంజి ఖాళీ చేసేవాణ్ణి చూసి భయపడాలి. కమిలిన మచ్చ, వాపు వారం రెండు వారాలు ఉండవచ్చు. ముహూర్తానికి కనీసం నెలన్నర ముందు చేయించుకోవాలి, ముందువారం అసలు వద్దు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు చెప్పాలి, కానీ గుండె వైద్యుణ్ణి అడగకుండా తమంతట తాము మానేయకూడదు. గర్భిణులు, బాలింతలు ఆగాలి. పంటి చీము, చర్మం మీద పుండ్లు ఉంటే అవి మానేదాకా ఆగాలి.

జెల్ పైపైన పడితే చర్మం కింద లేత నీలి గీతలా కనబడుతుంది. వెలుతురు చెదరడం వల్ల వచ్చే ఈ రంగును టిండాల్ ప్రభావం అంటారు. చామనఛాయ ముఖాల్లో ఇది బూడిదరంగుగా కనిపిస్తుంది, నలుపు తగ్గలేదనుకుని మళ్ళీ ఫిల్లర్ వేయించుకుంటారు, ఇంకా పెరుగుతుంది. చెంప ఎముక మీద ముందునుంచే నీటి సంచుల్లా ఉబ్బు ఉన్నవాళ్ళకు జెల్ నీటిని లాగి పొద్దున లేచేసరికి కళ్ళు వాచినట్లుంటాయి. ఏడాదిలో కరిగిపోతుందని చెప్పే మాట కూడా పూర్తి నిజం కాదు. రెండేళ్ళకు పైగా ఏ ఇంజెక్షనూ చేయించుకోని వాళ్ళ ముఖాల్లో ఎమ్మారై తీస్తే జెల్ ఇంకా కనిపించింది. కనుక ఏటేటా కొత్త సిరంజి అనే లెక్కలో నాకు నమ్మకం లేదు. పనికోసం కువైట్‌లో ఉన్నప్పుడు వేయించుకుని వచ్చినవాళ్ళు ఇక్కడ డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. అప్పటి సిరంజి స్టిక్కరు దాచి ఉంటే చూపించాలి.

ఇవన్నీ సరిదిద్దుకోగల చిక్కులు. సరిదిద్దుకోలేనిది చూపు పోవడం. కంటి కింద, ముక్కు పక్క, నుదుటి మీద రక్తనాళాలు కంటిలోపలి నాళాలతో కలిసి ఉంటాయి. సూది మొన ధమనిలో పడి, ఒత్తిడితో జెల్ వెనక్కు తోసుకుపోతే రెటీనాకు రక్తం ఇచ్చే నాళం మూసుకుపోతుంది. ఇది చాలా అరుదు. అయినా 2015లో కెనడా చర్మవైద్యురాలు కాటీ బెలెజ్నే బృందం ప్రపంచ వైద్య సాహిత్యమంతా వెతికి చూపు దెబ్బతిన్న 98 కేసులు గుర్తించింది. 2019లో మరో 48 చేర్చింది. మొదటి లెక్కలో ఎక్కువ ప్రమాదం కనుబొమల మధ్య, ముక్కు మీద వేసినప్పుడే, కంటి కింద కాదు. కానీ కంటి లోపలి మూల దగ్గరికి వచ్చేసరికి ఆ నాళాలే పక్కన ఉంటాయి. ఆ 98 కేసుల్లో దాదాపు సగం ఫిల్లర్ జెల్ వల్ల కాదు, సొంత కొవ్వు ఎక్కించడం వల్ల వచ్చినవి. సొంత కొవ్వు సహజం, ప్రమాదం లేదు అనే ప్రకటనలు చదివినప్పుడు ఈ అంకె గుర్తుకు తెచ్చుకోవాలి.

రెటీనా ఎంతసేపు తట్టుకుంటుంది? కోతుల మీద చేసిన ప్రయోగాల్లో నాళం మూసిన తర్వాత 97 నిమిషాల వరకు కోలుకోగలిగింది, 4 గంటలకు దాదాపు పూర్తిగా చచ్చింది. జెల్ చిన్న నాళాల దాకా పోయి నిండుతుంది కనుక మనిషికి అంత వ్యవధి కూడా ఉంటుందని భరోసా లేదు. ఇప్పుడు మన రోడ్డు లెక్క చూడండి. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు 20 కిలోమీటర్లు, ప్రొద్దుటూరు నుంచి కడప దాదాపు 55, పులివెందుల నుంచి కడప దాదాపు 70. బస్టాండు ట్రాఫిక్కు, ఆటో పిలవడం, చీటీ రాయించడం కలిపితే గంటన్నర ఎక్కడికి పోతుందో తెలియదు. తిరుపతిలో 2019 నుంచి అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉంది. తీరిగ్గా చేయించుకునే వైద్యానికి అవి గొప్ప చోట్లు, ప్రొద్దుటూరులో చూపు ఆరిపోయిన నిమిషాన అవి దూరపు చోట్లు. ఒక పులివెందుల అమ్మాయికి ఈ సూది గురించి ఆలోచించేటప్పుడు సిరంజి ధరకంటే ఈ దూరమే నాకు పెద్ద లెక్క.

హైలురోనిక్ జెల్‌ను మిగతా వాటికంటే పైన పెట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దాన్ని కరిగించే మందు ఉంది. హైలురోనిడేజ్ అనే ఎంజైము వేస్తే తప్పుచోట పడిన జెల్ గంటల్లో, రోజుల్లో కరిగిపోతుంది. నీలి గీతకూ, గడ్డకూ, చర్మానికి రక్తం ఆగి తెల్లబడినప్పుడూ ఇదే మందు. అరుదైనదీ కాదు. శుక్లాల ఆపరేషనుకు ముందు కన్ను మొద్దుబార్చే ఇంజెక్షన్‌లో మన కంటి వైద్యులు దీన్ని ఏళ్ళతరబడి కలుపుతున్నారు. ఎక్కువగా పశువుల నుంచి తీసేదే కాబట్టి అలర్జీ వచ్చే అవకాశం కొద్దిగా ఉంది, తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్ళు వాచిన చరిత్ర ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. చూపు పోయిన తర్వాత కంటి వెనక దీన్ని ఎక్కించినా చూపు తిరిగి వచ్చిన దాఖలాలు చాలా తక్కువ. అందుకే మందు ఉందని ధైర్యం కూడదు. కానీ ఫ్రిజ్‌లో హైలురోనిడేజ్ పెట్టుకోని చోట ఫిల్లర్ వేయించుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పు.

రెండో వరసలో సొంత కొవ్వు. తొడ నుంచో పొట్ట నుంచో కొవ్వు తీసి, కడిగి, సన్నగా చేసి కంటి కింద పెడతారు. కొత్త ఆలోచన కాదు, 1893లోనే జర్మనీ సర్జన్ గుస్తావ్ నాయ్‌బర్ చేతి నుంచి తీసిన కొవ్వు ముక్కలతో ముఖం మీది గుంతను పూడ్చాడు. కుదిరితే ఏళ్ళతరబడి ఉంటుంది, మళ్ళీ మళ్ళీ ఖర్చు లేదు. ఎంత నిలుస్తుందో ముందు చెప్పలేరు. సగం కరిగిపోవచ్చు, గడ్డకట్టవచ్చు, మనిషి ఒళ్ళు చేస్తే అది కూడా ఉబ్బవచ్చు. కరిగించే మందు లేదు, కోసి తీయాలి. ఇది ఆపరేషన్ థియేటర్ ఉన్న ప్లాస్టిక్ సర్జన్ చేయవలసిన పని, చర్మ క్లినిక్కు కుర్చీలో చేసేది కాదు. కొవ్వును పాలలా పలచగా చేసి వేసే నానోఫ్యాట్ గుంతను నింపదు, చర్మం నాణ్యత కోసం మాత్రమే.

పీఆర్పీ గురించి ఎక్కువ మంది అడుగుతారు, ఎందుకంటే మన చిన్న పట్టణాల్లోనూ జుట్టుకు చేసే చోట కంటి కిందా చేస్తామంటున్నారు. రోగి రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుపు భాగాన్ని చర్మంలోకి ఎక్కిస్తారు. చర్మం కాంతి, సన్నని గీతలు కొంత మెరుగైనట్లు చిన్న చిన్న అధ్యయనాలు చెబుతాయి, లోతు గుంతను ఇది నింపదు. రక్తంతో పని కాబట్టి ట్యూబు, సూది కొత్తవేనా అన్నది కళ్ళారా చూడాలి. సాల్మన్ చేప డీఎన్ఏ నుంచి తీసిన పాలీన్యూక్లియోటైడ్లు కొరియా నుంచి వచ్చి ఊపులో ఉన్నాయి. అవి చర్మాన్ని కాస్త మందం చేస్తాయంటారు. ఎఫ్‌డీఏ మాత్రం ఇంజెక్షన్‌గా వాటికి అనుమతి ఇవ్వలేదు. కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సూదులు, ఎక్సోసోములు అని ఇంకేవో పేర్లు వస్తూనే ఉంటాయి. వీటి మీద డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

కొన్నిటిని మాత్రం గట్టిగా వద్దనాలి. కాల్షియం ఉన్న గట్టి ఫిల్లర్లు, పాలీలాక్టిక్ ఆమ్లం చెంపకు పనికొస్తాయి, పలచని కంటి కింద తెల్లగడ్డలుగా తేలుతాయి. హైలురోనిడేజ్‌తో కరగవు. ప్లాస్టిక్ గుళికల శాశ్వత ఫిల్లర్లు, ద్రవ సిలికాన్ కంటి దగ్గరికి రానివ్వకూడదు, పదేళ్ళ తర్వాత కూడా చీము పట్టి ఆపరేషన్ దాకా పోవచ్చు. బ్యూటీ పార్లర్లలో సూది లేకుండా ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి కొట్టే పెన్నులు అమ్ముతున్నారు. వీటిని ఫిల్లర్‌కు వాడవద్దని ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ప్రజలను హెచ్చరించింది. ముఖం మీద ఎంత లోతుకు ఏది పోతుందో ఆ పెన్ను పట్టినవాళ్ళకు తెలిసే వీలే లేదు.

కొందరికి ఏ ఫిల్లరూ కాదు, కత్తే సరైన దారి. కొవ్వు సంచులు బాగా ఉబ్బి, చర్మం వదులై, గాడి వాటి నీడలో ఏర్పడిన నలభై, యాభై ఏళ్ళ ముఖాలకు కింది రెప్ప లోపలి నుంచి కోసి, ఉబ్బిన కొవ్వును తీయడం కాకుండా గాడిలోకే జరిపి కుట్టే శస్త్రచికిత్స ఉంది. మచ్చ బయటికి కనబడదు, ఫలితం ఏళ్ళు నిలుస్తుంది. అనేక సిరంజిల ధరను కలిపి చూస్తే ఖర్చు కూడా పెద్ద తేడా ఉండదు. దీనికి కంటి ప్లాస్టిక్ సర్జన్లు ఉండే పెద్ద ఆసుపత్రికే వెళ్ళాలి. ఫిల్లర్ వేసి ఉబ్బును కప్పుతామని చెప్పే మాటకు లొంగి రెండేళ్ళు తిరిగి, చివరికి సర్జన్ దగ్గరికి చేరేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మొదటే అడగడం మేలు.

ఎవరు చేయాలి అన్నదానికి నియమాలున్నాయి. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ జుట్టు మార్పిడి, సౌందర్య చికిత్సల మీద మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకోవడం తగిన శిక్షణ కాదని రాతపూర్వకంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు క్లినిక్కులు 2002 నాటి చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దగ్గర నమోదు కావాలి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్కులోనూ చీటీ మీదా కనబడేలా పెట్టాలి. బోర్డు మీద ఎండీ డెర్మటాలజీ, డీవీఎల్, ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ అనే అక్షరాలు వెతకండి. కాస్మెటాలజిస్ట్ అనే మాట ఒక్కటే ఉంటే ఇంకో ప్రశ్న అడగండి. సిరంజి పెట్టె మన కళ్ళముందే తెరవాలి, దాని మీద దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి, గడువు తేదీ ఉండాలి. సగం వాడిన సిరంజిని ఇంకొకరికి మిగిల్చడం నేరం కిందే లెక్క, అది ఎంత తక్కువ ధరకు ఇచ్చినా సరే.

నగరాల్లో ఒక మిల్లీలీటరు సిరంజి సుమారు 20 వేల నుంచి 40 వేల రూపాయలు. సౌందర్యం కోసం చేసే చికిత్సకు జీఎస్టీ ఉంటుంది. కాబట్టి జీఎస్టీ వేసిన బిల్లు అడిగి తీసుకోండి, రేపు ఏదైనా జరిగితే వినియోగదారుల కమిషన్ ముందు నిలబడేది ఆ కాగితమే. ఎన్టీఆర్ వైద్యసేవ ఇటువంటి వాటికి వర్తించదు, ఆరోగ్య బీమా కూడా ఇవ్వదు. చాలా తక్కువకు వేస్తామంటే సరుకు ఏదో, ఎక్కడిదో అనుమానించాలి. పెళ్ళి సంబంధం కోసం అప్పుచేసి వేయించుకోవలసినదేమీ ఇందులో లేదు. పెళ్ళివాళ్ళు చూసేది ముఖంలో అర మిల్లీమీటరు గాడిని కాదు, చూసేవాళ్ళయితే ఆ సంబంధం మీద రెండోసారి ఆలోచించడం ఆ అమ్మాయి హక్కు.

నా మాట ఇది. ఇరవైల్లో ఉన్నవాళ్ళకు ఫిల్లర్ దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. ముప్ఫై దాటి, రక్తం బాగుండి, అలర్జీ లేక, కిటికీ వెలుతురులో మాయమయ్యే నిజమైన గాడి ఉండి, అది మనసును నిజంగా బాధిస్తుంటే, మెత్తని హైలురోనిక్ జెల్ కొద్దిగా, అనుభవం ఉన్న చేతితో వేయించుకోవచ్చు. ఉబ్బు ఉంటే సర్జన్, రంగు ఉంటే చర్మ వైద్యుడి క్రీమూ ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీనూ, అంతే.

మన వైద్యులకు ఒక విన్నపం. ప్రొద్దుటూరు, కడప చర్మ వైద్యులూ కంటి వైద్యులూ ఒకసారి కూర్చుని, ఫిల్లర్ వేశాక చూపు మసకబారినా, చర్మం తెల్లబడినా మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో, హైలురోనిడేజ్ ఎంత మోతాదు, రోగిని ఏ రెటీనా వైద్యుడి దగ్గరికి ఏ బండిలో పంపాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ప్రతి క్లినిక్కు గోడ మీద ఉండేదాకా, జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఈ సూది వేయడం ఆపండి.